అది రాసింది అదే చదవాలి

“దాంట్లోంచి పొగ వస్తే ఏం చేస్తావే?” అని అడిగాను.

అప్పటికి పిచ్చుక ఇంకా దాని అడుగు మూత కూడా తియ్యలేదు. బల్ల మీద పాత దుప్పటి పరిచి, దానిమీద వాళ్ళన్నయ్య లాప్‌టాప్‌ని బోర్లా పెట్టి, స్క్రూడ్రైవర్ల సంచీ విప్పుతోంది, అంతే.

“పొగ రావాలంటే దాంట్లో కరెంటు ఉండాలి కదమ్మా. ఇది ఎప్పుడో చచ్చి...” అని ఆగింది. ఒక స్క్రూ విప్పి, దాన్ని సీసా మూతలో వేసి, “ఇది ఎప్పట్నుంచో పనిచెయ్యట్లేదు,” అని మార్చి చెప్పింది.

మా ఇంట్లో కొన్ని మాటలు మానేశాం. బల్బు పోయింది అనం, వెలగట్లేదు అంటాం. గడియారం ఆగిపోయింది అనం, బ్యాటరీ మార్చాలి అంటాం. ఎవరూ కూర్చుని అనుకున్నది కాదు, దానంతట అదే అలా అయింది.

పిచ్చుక నా రెండో సంతానం. దాని అసలు పేరు అది కాదు. చిన్నప్పుడు కంచం చుట్టూ మెతుకులు చిమ్ముకుంటూ తినేదని వాళ్ళన్నయ్య పెట్టాడు, అదే ఉండిపోయింది. ఎలక్ట్రానిక్ తూకాలు బాగుచేసే కంపెనీలో పనిచేస్తుంది. కూరగాయల కొట్లోనో మందుల షాపులోనో తూకం తప్పు చూపిస్తుంటే దీన్ని పంపిస్తారు. పొద్దున్న వెళ్తే చీకటి పడేలోపు వస్తుంది. ఆ లోపల నేను చేసే పని దాని దారి చూడటమే.

పెద్దాడు లిఫ్టు మెకానిక్. వాడు ఆ ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నేను ఒక్కదానికే భయపడ్డాను. తలుపు తెరిస్తే లోపల గది ఉండదు, నల్లటి గొయ్యి ఉంటుంది. ఒకసారి వాడే చూపించాడు, చూపించకపోయినా బాగుండేది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి “కిందికి దిగావా?” అని అడిగేదాన్ని. “దిగానమ్మా” అనేవాడు. ఒక్కోసారి ఇంకా పైనే ఉండి కూడా దిగానని చెప్పేవాడని వాడి తోటివాళ్ళు తర్వాత చెప్పారు.

వాడు లిఫ్టులో పోలేదు. సెలవురోజున, బస్టాపులో బెంచీ మీద కూర్చుని, గొడుగు పక్కన పెట్టుకుని, బస్సు కోసం చూస్తూ చూస్తూ ఒరిగిపోయాడు. గుండె అన్నారు. ఆ గొడవలో జేబులో ఫోన్ ఎవరు తీశారో తెలీదు. నేను కాపలా కాసిన గుమ్మం ఒకటి, అది వచ్చిన గుమ్మం ఇంకొకటి.

ఇదంతా జరిగి కొంతకాలమైంది. ఏడవడం తగ్గింది. కానీ ఈమధ్య నాకు కొత్త భయం పట్టుకుంది. వాడి గొంతు గుర్తు రావడం లేదు. వాడు అన్న మాటలు గుర్తున్నాయి. “ఉప్పు మరిచిపోయావు” అన్నది గుర్తుంది, “నా చొక్కా ఏది” అన్నది గుర్తుంది. కానీ లోపల ఆ మాటలు నా గొంతుతోనే వినిపిస్తున్నాయి. ఆరిన బట్టలు మడత పెడుతూ ఈ సంగతి పిచ్చుకతో చెప్పాను. అది తువ్వాలు మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది. మర్నాడు స్టూలు ఎక్కి అటక మీంచి లాప్‌టాప్, దాంతోపాటు చెప్పుల పెట్టె దించింది. స్టూలు కాలు ఊగుతుందని నేను అరుస్తూనే ఉన్నాను.

చెప్పుల పెట్టెలో ఉన్నవి సీడీలు. పెద్దాడికి ఒక అలవాటు ఉండేది. లిఫ్టు మోటారు గదిలో చిన్న మైకు పెట్టి ఆ చప్పుడు రికార్డు చేసుకొచ్చేవాడు. ఇంటికొచ్చి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. “దీనికి బేరింగు అరుగుతోంది” అనేవాడు. వాళ్ళ నాన్న కుట్టుమిషను చప్పుడు పక్కగదిలోంచి విని నూనె వెయ్యమని చెప్పేవాడు. అవన్నీ సీడీల మీదికి ఎక్కించి దాచుకున్నాడు. మనుషుల గొంతులు దాచుకున్నవాడు కాదు, మోటార్ల గొంతులు దాచుకున్నాడు. బంధువుల పెళ్ళి వీడియోలో కూడా వెనకాల ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటాడు, నోరు కదులుతుంది, అది నమలడమే.

“రికార్డు మొదలుపెట్టేటప్పుడు ఏ బిల్డింగో, ఏ లిఫ్టో నోటితో చెప్పి ఉంటాడమ్మా. మా కంపెనీలో టెస్టింగు వాళ్ళు అలాగే చేస్తారు. ప్రతిదాంట్లో ఒక్క ముక్కైనా ఉంటుంది,” అంది పిచ్చుక.

ఆ ఒక్క ముక్క మీద నాకు ఆశ పుట్టింది. నాకు ఆశ పుడితే దాని వెనకాలే ఇంకోటి పుడుతుంది.

సీడీలు ఎక్కడ పెట్టినా పలకలేదు. కంపెనీ కంప్యూటర్‌లో పెడితే గిర్రున తిరిగి, ఖాళీ అంది. కంప్యూటర్లు బాగుచేసే షాపతను నాలుగు రకాల వాటిలో పెట్టి చూసి, వెనక్కి తిప్పి వెలుతురులో చూశాడట. రాసిన గీతలు ఉన్నాయి కానీ, వాటిని రాసిన సీడీ డ్రైవు కన్ను పక్కకి జరిగిపోయి ఉంది, అందుకని గీతలన్నీ కాస్త పక్కకి పడ్డాయి అన్నాడట.

“మెల్లకన్నుతో రాసిందమ్మా. మెల్లకన్నుతోనే చదవాలి. అది రాసింది అదే చదవాలి, ఇంకెవరికీ అర్థం కాదు,” అని నాకు చెప్పింది.

ఆ మెల్లకన్ను డ్రైవు ఈ లాప్‌టాప్ పొట్టలో ఉంది. లాప్‌టాప్ చూస్తే పనిచెయ్యదు. డ్రైవుని బయటికి తీసి వేరే కంప్యూటర్‌కి తగిలిద్దామంటే, దాని వెనక నోరు సన్నటి దువ్వెన పళ్ళలా ఉంటుంది, మామూలు వైరు అందులో పట్టదు. మధ్యలో ఒక అడాప్టర్ కావాలి. షాపుల్లో అడిగితే నవ్వారట. ఒకప్పుడు వచ్చేవి, ఇప్పుడు ఎవరు కొంటారు అన్నారట.

“నేనే చేస్తాను,” అంది.

మా ఆయన ముందుగదిలో కిటికీ పక్కన మిషను మీద ప్యాంటు అంచు కుడుతున్నారు. కుడుతూనే, “ఎందుకు?” అన్నారు.

“వాడి గొంతు వినడానికి, నాన్నా.”

“విన్నాక ఆపాలి. ఎవరు ఆపుతారు, నువ్వా, మీ అమ్మా?”

మళ్ళీ మిషను మొదలైంది. ఆయన టైలరు. ఎప్పుడూ తక్కువే మాట్లాడతారు, అది జరిగాక ఆ తక్కువలో కూడా సగం కత్తిరించేశారు.

లాప్‌టాప్ పొట్టలో డ్రైవుని తగిలించుకునే ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని పిచ్చుక కంపెనీకి తీసుకెళ్ళి, వేడిగాలి మిషనుతో బోర్డు మీంచి ఊడదీసి, అగ్గిపెట్టెలో దూది వేసి తెచ్చింది. చిన్న పళ్ళసెట్టులా ఉంది.

“ఇది విరిగితే?”

“విరగదు.”

“విరిగితే ఏం చేస్తావు అంటున్నాను.”

“విరిగితే ఇక లేదమ్మా. అందుకని దాన్ని అలా గుప్పిట్లో పట్టుకోకు, ఇలా ఇవ్వు.”

తర్వాత వారమంతా ఇంటికొచ్చాక అడాప్టర్ బోర్డు బొమ్మ గీసింది. ఒక పక్క ఆ ముక్కకున్న యాభై కాళ్ళు, వెంట్రుకంత ఎడంలో. ఇంకో పక్క లావుపాటి పిన్నులు, మామూలు వైరుకి సరిపోయేలా. మధ్యలో ఒక్కో కాలి నుంచీ ఒక్కో దారి, ఎక్కడా ఒకదాన్నొకటి తొక్కకుండా. బడి వదిలినప్పుడు పిల్లలు వరుసగా వచ్చి గేటు దాటాక విడిపోయినట్టు ఉంది. ఆ బొమ్మని పత్రికలో నున్నటి కాగితం చింపి, దాని మీద కంపెనీ ప్రింటర్‌లో వేసి తెచ్చింది. వెనకవైపు స్నానాలగది పలకల ప్రకటన.

నేను చూసి గుండె పట్టుకున్నాను. మూలన ఏవో అక్షరాలు, అవి తిరగబడి ఉన్నాయి.

“ఏవే, మొత్తం తిరగేసి వేశావు. అంతా పాడైపోయింది చూడు.”

“తిరగేసే ఉండాలమ్మా. దీన్ని రాగి మీద బోర్లా వేసి ఇస్త్రీ చేస్తాం. అప్పుడు తిన్నగా పడుతుంది. రవ్వంత నమ్మకం పెట్టుకో నా మీద.”

“నీ మీద నమ్మకం ఉందే. ఇస్త్రీపెట్టె మీద లేదు,” అన్నాను. అది చాలా రోజుల తర్వాత నవ్వింది.

తెలుపు ఫైబరు పలక, ఒకవైపంతా రాగి. దాన్ని గిన్నెలు తోమే పీచుతో రుద్ది మెరిపించింది. కాగితం బోర్లా పెట్టి, నువ్వు ఇస్త్రీ బాగా చేస్తావు కదా, నువ్వే చెయ్యమంది. నేను చొక్కా మీద చేసినట్టే అటూ ఇటూ నడిపాను. వేడి తగిలితే కాగితం మీది నల్ల టోనరు కరిగి రాగికి అంటుకుంటుందట. అంటుకుంది. కానీ కాగితం నీళ్ళలో నానబెట్టి ఒలిచి చూస్తే, దారులన్నీ ఏడ్చిన కళ్ళకి కాటుకలా పాకేశాయి. నేను నడిపిన వైపల్లా అవీ నడిచాయి.

“చెప్పానా, పాడైపోతుందని,” అన్నాను. నాకే వినబుద్ధి కాలేదు ఆ మాట.

“ఇంకో పలక ఉందిలే,” అంది పిచ్చుక. కానీ కూర్చుండిపోయింది.

ముందుగదిలో మిషను ఆగింది. ఆయన లేచి, తన బరువు ఇస్త్రీపెట్టె ఎత్తుకుని వచ్చారు. ఇనప పెట్టె, దాన్ని నేను ఒక్కచేత్తో లేపలేను. కాలరు లోపల గట్టిగుడ్డ అతికించడానికి వాడతారు. మా ఇద్దరి వైపూ చూడలేదు. కొత్త పలక మీద కాగితం సర్ది, పైన పలచటి గుడ్డముక్క పరిచి, పెట్టె దించి, రెండు చేతులూ దాని మీద ఉంచి ఒంగారు. జరపలేదు. అలా ఒంగి ఉండిపోయారు. ఎంతసేపు ఉంచాలో ఎవరూ ఆయనకి చెప్పలేదు.

“అన్నయ్య స్కూలు చొక్కాకి కాలరు ఇలాగే వేసేవాడివి కదా నాన్నా,” అంది పిచ్చుక.

ఆయన పెట్టె ఎత్తి, పక్కన పెట్టి, వెళ్ళిపోయారు. మిషను మొదలు కావడానికి కాస్త సమయం పట్టింది.

ఈసారి కాగితం ఒలిస్తే దారులన్నీ ఉన్నాయి. మూలన అక్షరాలు తిన్నగా తిరిగాయి. అప్పుడు చదివాను. “పెద్దాడు” అని ఉంది.

తర్వాతది అన్నిటికంటే నాకు భయమైన పని. టోనరు అంటని రాగినంతా ఒక మందునీళ్ళలో వేసి కరిగించెయ్యాలి. బాగా మరిగిన టీ డికాషను రంగులో ఉంటుంది ఆ మందు. బట్టల మీద పడితే మరక పోదు, కంట్లో పడితే అడక్కండి. వెనక బాల్కనీలో పెట్టించాను. తలుపులు తీశాను, కిటికీలు తీశాను. దాని చేతులకి గిన్నెలు తోమే గ్లౌజులు తొడిగాను, కళ్ళకి వాళ్ళ నాన్న కళ్ళజోడు పెట్టాను.

“ఇది పెట్టుకుంటే నాకేం కనపడదమ్మా. అప్పుడు నిజంగానే ఒలకబోస్తాను.”

“ముక్కు మీదికి దించుకో. పై నుంచి చూడు.”

“బాగుంది. హెడ్మాస్టరులా ఉన్నాను.”

డబ్బాని మెల్లగా ఊపుతూ ఉండాలి, లేకపోతే రాగి ఒకచోట కరిగి ఒకచోట ఉండిపోతుంది. దానికి చెయ్యి నొప్పి పుడితే నేను తీసుకున్నాను. ఎలా ఊపాలో నాకు చెప్పక్కర్లేదు. కళ్ళు వేరేచోట ఉన్నా చెయ్యి ఊపుతూ ఉంటుంది, ఉయ్యాల ఊపి అలవాటైన చెయ్యి. కాసేపటికి అంచుల దగ్గర మొదలై రాగి పలచబడింది, కింద ఫైబరు కనిపించింది, చివరికి నల్లటి దారులు మాత్రం మిగిలాయి. టోనరు తుడిచేస్తే కింద దాక్కున్న రాగి కొత్త గిన్నెలా మెరిసింది. ఆ డబ్బా ఎవరూ వంటకి వాడకుండా అడుగున కన్నం పొడిచి పారేశాను. పారేశాక, చెత్త ఏరుకునేవాళ్ళు తీసుకెళ్ళి అందులో ఏమైనా తింటారేమోనని మళ్ళీ కిందికి వెళ్ళి, దాన్ని ముక్కలు చేసి వచ్చాను.

టంకం వేసేటప్పుడు లైటు నేను పట్టుకున్నాను. పిచ్చుక భూతద్దంలోకి ఒంగి, ఒక్కో కాలికీ చీమ తలకాయంత సీసం అంటిస్తోంది.

“అమ్మా, నీ ఊపిరి కూడా భయపడుతోంది. మొహం పక్కకి తిప్పుకో. బోర్డు కదులుతోంది.”

మొహం తిప్పుకున్నాను. లైటు కూడా నాతోపాటే తిరిగింది. మళ్ళీ తిట్టింది.

అయిపోయాక వెంటనే కరెంటు పెడతానంది. నేను పెట్టనివ్వలేదు. ప్రతి దారీ మీటరుతో చూడమన్నాను. చూశానంది. నా ఎదురుగా చూడమన్నాను. విసుక్కుంటూ మీటరు తీగలు రెండూ పక్కపక్క కాళ్ళ మీద పెట్టి ముందుకి జరుపుతోంది. కలవకూడనివి కలిస్తే మీటరు కూస్తుందట. ఒకచోట కూసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. భూతద్దంలో చూస్తే రెండు కాళ్ళ మధ్య వెంట్రుకంత సీసం. పిచ్చుక దాన్ని గీకేసి, మిగతావన్నీ మొదటి నుంచి మళ్ళీ చూసింది.

కంపెనీలో పక్కన పడేసిన కంప్యూటరు ఒకటి అడిగి తెచ్చుకుంది. ఒక ఆదివారం పొద్దున్న అన్నీ తగిలించింది. నేను ఇసక బకెట్టు తెచ్చి పక్కన పెట్టుకుని, మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

“పెట్టనా?”

“ఆగు.” ఏం చెప్పాలో తెలియక, “సరే,” అన్నాను.

పొగ రాలేదు. డ్రైవు చిన్నగా గురక పెట్టినట్టు కదిలింది, ఆకుపచ్చ దీపం ఒకసారి వెలిగి ఆరింది. పెద్దాడు లాప్‌టాప్ తెరిచినప్పుడు వచ్చే చప్పుడే. ఆ చప్పుడు మరిచిపోయానని కూడా నాకు తెలీదు. స్విచ్చి మీంచి చెయ్యి తీసి బకెట్టు అంచు మీద కూర్చున్నాను.

కానీ కంప్యూటర్‌కి డ్రైవు కనపడలేదు. ఆపి, ఇంకోసారి పెట్టింది, వైరు మార్చింది, మళ్ళీ పెట్టింది. దీపం వెలుగుతుంది, డ్రైవు కదులుతుంది, కంప్యూటరు మాత్రం అక్కడ ఎవరూ లేరంటుంది.

ఆ రోజు నుంచి పిచ్చుకకి మాట తగ్గింది. ఇంటికి రాగానే బల్ల దగ్గర కూర్చుంటుంది. దారులన్నీ తడుముతుంది. అన్నం తినమంటే ఇంకో రెండు నిమిషాలంటుంది, ఆ నిమిషాలు అయ్యేవి కావు. కళ్ళ కింద నలుపు వచ్చింది. నాకు ఇప్పుడు దీని మీద భయం పట్టుకుంది. ఒకణ్ణి పోగొట్టుకుని, వాడి గొంతు కోసం రెండోదాన్ని కూడా అరగదీస్తున్నానా అనిపించింది.

“చాల్లే, వదిలెయ్. నాకు గుర్తొస్తుందిలే వాడి గొంతు,” అన్నాను.

“నీకోసం ఒక్కదానికే అనుకుంటున్నావా?” అంది తలెత్తకుండా. “నాకూ గుర్తు రావట్లేదమ్మా. నీకంటే ముందు నుంచీ రావట్లేదు. చెప్పడానికి సిగ్గేసింది.”

వెనక నుంచి దాని తల మీద చెయ్యి వెయ్యబోయి, సోల్డరింగ్ ఐరన్ వేడిగా ఉందేమోనని ఆగిపోయాను.

తర్వాత ఒక పొద్దున్న టీ తాగుతూ తాగుతూ గ్లాసు కింద పెట్టేసింది. బోర్డు తెచ్చి కిటికీ దగ్గర తిప్పి చూసింది. ఒక కాలి మీద గోరు పెట్టి అలాగే నిలబడింది.

“ఏమైందే? కాలిందా?”

“ఒక వైరు మీద రెండు డ్రైవులు ఉండొచ్చమ్మా,” అంది. “ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఎవరు ముందు పలకాలో తెలియడానికి. పెద్దదయితే ఈ కాలికి ఒక తీగ వెయ్యాలి. ఖాళీగా వదిలేస్తే, తను చిన్నదాన్ననుకుంటుంది. పెద్దది పలికాక పలుకుదామని కూర్చుంటుంది. ఈ వైరు మీద పెద్దది లేదు. ఇది ఒక్కటే. పెద్దది ఎప్పుడు పలుకుతుందా అని ఇన్నాళ్ళూ కూర్చునుంది.”

“మరి ఖాళీగా ఎందుకు వదిలావు?”

“తెలీదు. గీసేటప్పుడు ఆ కాలు దగ్గర ఆలోచించను కూడా లేదు. చిన్నది అని వదిలేశాను.” మూలనున్న అక్షరాల మీద వేలు పెట్టింది. “పేరేమో ఇక్కడ రాశాను. తీగ వెయ్యలేదు.”

ఆ తర్వాత మెల్లగా, “నేనెప్పుడూ చిన్నదాన్నే కదమ్మా,” అంది.

ఇంట్లో ఇప్పుడు ఉన్న బిడ్డ అదొక్కతే. ఆ సంగతి మేమెవరం దానికి చెప్పలేదు, అదీ మమ్మల్ని అడగలేదు.

అది ఐరన్ వేడి చేసింది. వెంట్రుకంత తీగముక్క తీసుకుని ఆ ఖాళీ కాలి నుంచి పక్కనున్న లావుపాటి దారికి కలిపింది. ఈసారి లైటు నేను కదల్చలేదు.

కంప్యూటరుకి కరెంటు పెట్టగానే డ్రైవు పేరు కనపడింది. పెట్టెలోంచి మొదటి సీడీ తీసి వేసింది. గిర్రున తిరిగి, ఆగి, ఏదో వెతుక్కున్నట్టు టిక్కుటిక్కుమని, మళ్ళీ తిరిగింది. తెర మీద వరుసగా పేర్లు వచ్చాయి. పిచ్చుక చూడగానే దాని భుజాలు జారిపోయాయి.

“బిల్డింగుల పేర్లన్నీ ఇక్కడే టైపు చేసుకున్నాడు,” అంది.

మొదటిది పెట్టింది. ఓం అని మోటారు మోత. ఎక్కడో టక్కుమని బ్రేకు. తలుపులు మూసుకున్న చప్పుడు. మళ్ళీ మోత. అయిపోయింది. ఇంకోటి. అదే మోత, కాస్త సన్నగా. ఇంకోటి. సీడీ మార్చింది, మళ్ళీ మార్చింది. వాడు ఎక్కడా మాట్లాడలేదు. మోటారుకి అడ్డం రాకూడదని ఊపిరి కూడా బిగబట్టుకుని నిలబడి ఉంటాడు.

“ఒక్క ‘హలో’ కూడా అనలేదమ్మా వెధవ. మైకు ముందు పెట్టుకుని ఒక్క హలో,” అంది పిచ్చుక. నవ్వుతోందో ఏడుస్తోందో నేను తిరిగి చూడలేదు.

ఒకచోట ఎవరో దగ్గారు. పిచ్చుక నా వైపు చూసింది. మళ్ళీ పెట్టమన్నాను, మళ్ళీ పెట్టింది. నాకు తెలియలేదు. వాడి తోటి మెకానిక్కు ఎవరైనా కావచ్చు. చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు రాత్రంతా దగ్గితే భుజాన వేసుకుని తిరిగాను వాణ్ణి. ఇప్పుడు ఆ దగ్గు వాడిదో కాదో చెప్పలేకపోయాను.

మధ్యాహ్నం అన్నం వేళ దాటింది. ఎవరం లేవలేదు. ముందుగదిలో మిషను నడుస్తూ ఆగుతూ ఉంది. నడిచినప్పుడు మామూలుగానే ఉంది గానీ, ఆగినప్పుడు ఆయన కుడుతున్న గుడ్డ మారుస్తున్నారో వింటున్నారో తెలిసేది కాదు.

పెట్టె అడుగున ఉన్న సీడీ వేసింది. తెర మీద ఉన్నది ఒకటే పేరు. “ఇంటి మోటారు, కొత్త మైకు” అని.

మేం ఇదివరకు ఉన్న ఇంట్లో మెట్ల కింద నీళ్ళ మోటారు ఉండేది. ఆ మోత వినగానే గుర్తుపట్టాను. మధ్యలో ఒక కీచు వచ్చేది, అది కూడా అలాగే ఉంది. కాసేపు అదే వినిపించింది. తర్వాత దూరం నుంచి ఒక ఆడగొంతు.

“పెద్దాడా, చేతులు తడిగా ఉన్నాయా?”

“ఎవరిదే ఆ గొంతు?” అని అడిగాను.

“నువ్వేనమ్మా,” అంది పిచ్చుక.

అంత గట్టిగా ఉంటుందని నాకు తెలీదు. మెట్ల మీద నుంచి వంగి పిలుస్తున్నట్టున్నాను. ఏ రోజో గుర్తులేదు. అలా వాణ్ణి పిలిచిన రోజుల్లో దీన్ని ఎలా వేరు చేసి గుర్తుపెట్టుకుంటాను.

మోటారు తిరుగుతోంది.

“ఒరేయ్, నిన్నే. తడిచేతులతో దాన్ని ముట్టుకోకు. చెప్పులు వేసుకున్నావా?”

మోటారు తిరుగుతోంది. కీచు వచ్చింది, పోయింది. వాడు రికార్డు చేసుకుంటున్నాడు. పలికితే పాడవుతుందని పలకడం లేదు. నాకు ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు మెట్ల మీదున్న మనిషికి తెలీదు. ఆమె గొంతు మారింది.

“పలకవేంరా? మెట్లు దిగి రమ్మంటావా? నాకు కాళ్ళు ఆడట్లేదు, ఒక్కసారి పలకరా.”

మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలీదు, ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. మెడలో కొలత టేపు, చేతిలో సగం కుట్టిన చొక్కా చెయ్యి. పిచ్చుక నా చీర కొంగు అంచు పట్టుకుంది, చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు.

టక్కుమని స్విచ్చి. మోటారు నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, నిలిచిపోయింది. గొట్టంలో మిగిలిన నీళ్ళు కిందికి జారిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. అయిపోయిందనుకుని పిచ్చుక చెయ్యి చాపింది. ఆయన గుమ్మంలోంచి, వద్దన్నట్టు తల ఊపారు. బయట వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు, అది కూడా దూరమైపోయింది.

“పొడిగానే ఉన్నాయమ్మా,” అన్నాడు వాడు.